నొప్పికి రాసిన గోలీ.. గూగుల్‌లో కొడితే డిప్రెషన్ అంటుందేంటి?

మీ ఇంట్లో బీటెక్ చదివింది మీరొక్కరే అయితే మీ అసలు ఉద్యోగం ఏంటో నాకు తెలుసు. గ్యాస్ సబ్సిడీ ఎందుకు పడలేదో చూడటం, ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించడం, నాన్న ఫోన్‌లో స్టోరేజ్ ఖాళీ చేయడం. వీటన్నిటికంటే ఎక్కువగా వచ్చే టికెట్ ఇంకోటుంది. గోలీల పట్టీ ఫోటో. కింద ఒక వాయిస్ మెసేజ్: "బిడ్డా, ఇది దేనికిచ్చిండో జర చూడు". మనం చదివింది కంప్యూటర్లే కావచ్చు. వాళ్ల లెక్కలో చదువుకున్నోడంటే అన్నీ చదివినోడే.

ఈ వారం ఆ ఫోటోల్లో ఒక రకం గురించి మాట్లాడుకుందాం. నడుం నొప్పి అనో, కాళ్ల మంటలు అనో దవాఖానకు పోతారు. డాక్టర్ చూసి అమిట్రిప్టిలినో, నార్ట్రిప్టిలినో, డ్యులాక్సెటినో రాస్తాడు. మనం పేరు కొట్టగానే మొదటి లైన్‌లోనే "డిప్రెషన్‌కు వాడే మందు" అని వస్తుంది. ఇక ఇంట్లో పంచాయితీ. ఒకరు "డాక్టర్ తప్పు రాసిండు" అంటారు. ఇంకొకరు గొంతు తగ్గించి "పిచ్చి మందట" అంటారు. పట్టీ అలమారలోకి పోతుంది. నొప్పి మాత్రం ఎటూ పోదు.

మా పెద్దమ్మ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆమెది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. మా వైపు వాళ్లకు మర్రిగూడ పేరు చెప్తే చాలు, రోగం పేరు చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను.

మా నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా దిక్కు బోర్లలో అంతకు కొన్ని రెట్లు ఎక్కువ ఉండేది. ఆ నీళ్లే తాగి, ఆ నీళ్లతోనే వండుకుని పెరిగింది మా పెద్దమ్మ తరం. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లాలో, ఈ జబ్బు గురించి డాక్టర్లు రాసింది 1937లో. నల్లగొండ గురించి సిద్దిఖీ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది 1955లో. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఆఫ్రికాలో కూడా ఆ పేరుతోనే వాడారు. మా ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది ఇట్లా. గర్వపడాలో ఏడవాలో తెలియదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారని మీ నాన్నలు చెప్పే ఉంటారు. జల సాధన సమితి వాళ్లు నీళ్ల కోసం చేసిన నిరసన అది. బ్యాలెట్ పేపర్ పుస్తకం అంత అయింది. శివన్నగూడెం అంశాల స్వామి గారిని ఢిల్లీకి తీసుకుపోయి ప్రధాని వాజ్‌పేయి ముందు టేబుల్ మీద కూర్చోబెట్టి చూపించారు. వంకర తిరిగిన ఎముకలతోనే బతికి, ఫ్లోరైడ్ మీద మాట్లాడుతూనే ఉన్న ఆయన 2023 జనవరిలో చనిపోయారు. మిషన్ భగీరథ 2016లో మొదలయ్యాక నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి. ఇప్పటి పిల్లల సంగతి వేరు. కానీ పెద్దమ్మ ఒంట్లోకి నలభై ఏళ్లు చేరిన ఫ్లోరైడ్ నల్లా తిప్పగానే బయటికి పోదు. అది ఎముకలో కూర్చుంటుంది. ఏళ్లు పడుతుంది దిగడానికి. దిగినా, ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు.

పెద్దమ్మను ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు. మనిషే తిరుగుతుంది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. ఇదంతా పైకి కనిపించే కష్టం. కనిపించనిది రాత్రిపూట మొదలవుతుంది. నడుం నుంచి పిక్కల దాకా గుంజుడు, పాదాల్లో మంటలు, ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు ఒక జలక్. ఫ్లోరోసిస్‌లో ఎముక లావెక్కుతుంది, కీళ్ల దగ్గరి నారలు కూడా గట్టిపడి ఎముకలా మారతాయి. వెన్నెముక లోపలి దారి ఇరుకవుతుంది. అందులోంచి బయటికొచ్చే నరాలు నలుగుతాయి. హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారి లాంటి వాళ్లు దశాబ్దాల పాటు నల్లగొండ పేషెంట్లను చూసి దీని గురించి రాశారు. అంటే పెద్దమ్మది ఒట్టి ఎముకల నొప్పి కాదు. అందులో నరం నొప్పి కూడా ఉంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

ఇన్నేళ్లూ ఆమెకున్న వైద్యం ఆర్‌ఎంపీ సూది. డైక్లోఫెనాక్. సూది పడితే రెండు రోజులు పొలం పోవచ్చు. మూడో రోజు మళ్లీ సూది. ఆర్‌ఎంపీని తిట్టడం నాకు ఇష్టం లేదు, అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చేది ఆయనే. కానీ ఆ సూది పని చేసేది వాపు మీద, దెబ్బ మీద. నలిగిన నరం మీద దాని ప్రభావం అంతంత మాత్రమే. పైగా అలాంటి మందులు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలకు, కడుపుకు ముప్పు. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్‌ను బయటికి తోసే పని కూడా కిడ్నీలదే అని తెలిస్తే ఇది ఎంత దారుణమైన బేరమో అర్థమవుతుంది.

చివరికి అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. స్కాన్ చూసి ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. సూదులు బంద్ చేయమన్నారు. రాత్రి పడుకునే ముందు ఒక గోలీ. అమిట్రిప్టిలిన్, 10 మిల్లీగ్రాములు. ఓపీలో బయట వంద మంది ఉంటారు, లోపల రెండు నిమిషాలు. గోలీ ఎందుకో చెప్పే టైమ్ ఆ రెండు నిమిషాల్లో మిగల్లేదు. మిగిలింది గూగుల్ చెప్పింది.

"నాకు పిచ్చి లేసిందని రాసిండా ఆ సారు? నేను మంచిగనే మాట్లాడిన గదా ఆయనతోని" అంది పెద్దమ్మ నాకు ఫోన్ చేసి. ఆమె గొంతులో కోపం లేదు. చిన్నతనం ఉంది. ఇరవై ఏళ్లుగా నొస్తుంది అని చెప్తుంటే, చివరికి ఒక పెద్ద డాక్టర్ కూడా నమ్మలేదని ఆమెకు అర్థమైంది. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఇది పాత అనుభవమే. రిపోర్టులో ఏం కనిపించకపోతే "నీ మనసులో ఉంది" అనేస్తారు. కాబట్టి డిప్రెషన్ అనే మాట వినగానే ఆమె అవమానపడిందంటే అది అమాయకత్వం అని నేననను.

అసలు సంగతి ఏంటంటే, ఈ మందుకు రెండు పనులున్నాయి. వాటిలో ఒకటి ముందు బయటపడింది కాబట్టి ఆ పేరే అతుక్కుపోయింది.

ఈ కుటుంబంలో మొదటి మందు ఇమిప్రమిన్. స్విట్జర్లాండ్ డాక్టర్ రోలాండ్ కూన్ దాన్ని స్కిజోఫ్రెనియాకు పనికొస్తుందేమో అని వాడి చూశాడు. దానికి పనికిరాలేదు, డిప్రెషన్ ఉన్నవాళ్లకు పనికొచ్చింది. ఆ సంగతి 1957లో ప్రకటించాడు. 1960 నాటికే ఫ్రాన్స్‌లో డాక్టర్లు అదే మందును నొప్పికి వాడి చూశారు. అమిట్రిప్టిలిన్ అమెరికాలో 1961లో వచ్చింది. అంటే నొప్పికి వాడటం నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు, దానికి అరవై ఏళ్లు దాటాయి.

మీకు రావాల్సిన అనుమానం ఒకటుంది: మనసు కుదుటపడి నొప్పి తక్కువ అనిపిస్తుందేమో, అంతేనేమో? ఈ ప్రశ్న పరిశోధకులకూ వచ్చింది. అమెరికాలో మిచెల్ మ్యాక్స్ బృందం షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న వాళ్ల మీద పరీక్షలు చేసి 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వేసింది. అమిట్రిప్టిలిన్ వాడిన వాళ్లలో 74 శాతం మందికి ఓ మోస్తరు లేదా అంతకు మించి ఉపశమనం వచ్చింది. ఉత్తుత్తి గోలీ తీసుకున్న వాళ్లలో 41 శాతం. డిప్రెషన్ ఉన్నవాళ్లకూ పని చేసింది, లేనివాళ్లకూ పని చేసింది. ఇంకో తమాషా. ఫ్లూయోక్సెటిన్ కూడా డిప్రెషన్ మందే, చాలా పేరున్నది. నొప్పి దగ్గర అది 48 శాతం దగ్గరే ఆగింది, ఉత్తుత్తి గోలీ కంటే మేలని తేలలేదు. మనసు బాగుపడటమే కారణమైతే అదీ పని చేయాలి కదా?

డోసు కూడా ఇదే చెప్తుంది. డిప్రెషన్‌కు అమిట్రిప్టిలిన్ మామూలుగా 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా వాడతారు. నొప్పికి 10తోనో 25తోనో మొదలుపెడతారు. పెద్దమ్మకు రాసిన 10తో డిప్రెషన్ తగ్గించాలని ఏ డాక్టరూ అనుకోడు.

ఇక లోపల ఏం జరుగుతుందో మన భాషలో చెప్తాను. నైట్ షిఫ్ట్ చేసిన వాళ్లకు అలర్ట్‌ల బాధ తెలుసు. సర్వర్ ఒకసారి దెబ్బతిన్నది. దాన్ని సరి చేశారు, లేదా చేయగలిగినంత చేశారు. కానీ అలర్ట్ సిస్టమ్ సెట్టింగ్ చెడిపోయి రాత్రంతా మోగుతూనే ఉంటుంది. చీమ నడిచినా మోగుతుంది. నరం నొప్పి అంటే చాలావరకు ఇదే. శరీరంలో దీనికి ఒక కంట్రోల్ ఉంది. మెదడు అడుగు భాగం నుంచి వెన్నుపాములోకి దిగే నరాలు, పైకి వచ్చే నొప్పి సిగ్నళ్లను అక్కడికక్కడే తగ్గిస్తాయి. ఆ పనికి అవి వాడే రసాయనాలు నోరెడ్రినలిన్, సెరటోనిన్. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ లాంటివి ఆ రసాయనాలు తొందరగా ఖాళీ కాకుండా ఆపుతాయి. మనసు సర్క్యూట్‌లోనూ అవే రసాయనాలు పని చేస్తాయి కాబట్టి ఒకే గోలీకి రెండు ఉద్యోగాలు వచ్చాయి. మీ ఫోన్‌లో టార్చ్ ఉంది కదా అని ఫోన్‌ను టార్చ్‌లైట్ అనరు. గూగుల్ మొదటి లైన్ మాత్రం అట్లా అనేస్తుంది.

ఇదంతా చదివి ఈ గోలీ బంగారం అనుకోవద్దు. 2015లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన పెద్ద సమీక్ష లెక్క ప్రకారం, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ రకం మందులు నలుగురికి ఇస్తే ఉత్తుత్తి గోలీ కంటే అదనంగా సుమారు ఒక్కరికి మంచి ఉపశమనం. డ్యులాక్సెటిన్ రకానికైతే ఆరేడుగురిలో ఒకరికి. 2023లో కోక్రేన్ వాళ్లు దీర్ఘకాలిక నొప్పుల మీద 176 ట్రయల్స్, దాదాపు 30 వేల మంది డేటా ఒకచోట చేర్చారు. నమ్మదగ్గ ఆధారం ఎక్కువగా ఉన్నది డ్యులాక్సెటిన్‌కే అని తేల్చారు. అమిట్రిప్టిలిన్ మీద జరిగినవి ఎక్కువగా చిన్న చిన్న పాత ట్రయల్స్, అందుకే దాని మీద గట్టిగా చెప్పలేమన్నారు. పైగా ఆ ట్రయల్స్ సగటున పది వారాలే నడిచాయి. మా పెద్దమ్మ నొప్పి వయసు ఇరవై ఏళ్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కొంచెం చిరాకేస్తుంది.

పెద్దమ్మ కథ మిగిలింది కదా. పట్టీ రెండు నెలలు అలమారలోనే ఉంది. మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. ఏమ్మా గోలీ వేసుకుంటున్నావా అని అడిగితే పెద్దమ్మ ఉన్న మాట చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వకుండా, కసరకుండా ఒకే మాటంది: "అమ్మా, నీ కాలి నరం ఊకె ఒర్లుతుంది. ఈ గోలీ దాని నోరు జర తగ్గిస్తది. నీ మనసుకు ఏం కాలే." పది సెకన్లు పట్టి ఉంటుంది. నా అభిప్రాయం ఏంటంటే, ఈ పది సెకన్లు మందులో భాగమే. రాసేటప్పుడు చెప్పకపోతే సగం గోలీ ఇచ్చినట్టే. రద్దీ ఎంత ఉన్నా ఈ ఒక్క వాక్యానికి మినహాయింపు లేదు.

మూడు వారాల తర్వాత ఫోన్ చేస్తే, "నొప్పి పోలే బిడ్డా. కాని నిద్ర వడ్తుంది. నోరే ఎండుకపోతుంది" అంది. ఇప్పుడు డోసు కొంచెం పెంచారు. కరెంటు జలక్‌లు రోజూ వచ్చేవి, ఇప్పుడు వారానికి రెండు మూడు. మెడ మాత్రం ఇప్పటికీ తిరగదు. గోలీతో తిరగదు కూడా.

మా పాలమూరు బాబాయిది దీనికి రివర్స్ కథ. ఆయన మేస్త్రీగా ఊళ్లు తిరిగినవాడు. పదిహేనేళ్లుగా షుగర్, పాదాల్లో మంటలు. డ్యులాక్సెటిన్ రాశారు. అది దేనికో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు, ఆర్నెల్లు హాయిగా వేసుకున్నాడు. ఒకరోజు మెడికల్ షాపులో కుర్రాడు "ఇది డిప్రెషన్‌ది గదా అంకుల్" అన్నాడు. ఆ రాత్రి నుంచే బంద్. రెండు మూడు రోజుల్లో తల తిప్పుడు, వాంతి వచ్చినట్టు, తలలో ఝల్లుమనడం. ఇంట్లో వాళ్లు బీపీ అనుకున్నారు. అది గోలీ ఉన్నట్టుండి ఆపడం వల్ల వచ్చింది. ఈ మందులు ఆపాలంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. బాబాయిని అడిగితే "ముందే చెప్తే అసలే వేసుకోకపోదును" అన్నాడు. అట్లా అని చెప్పకుండా ఉండటం కరెక్టా? నాకైతే కాదు. ఈరోజు దాచినా రేపు ఏదో ఒక ఫోన్ చెప్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి నొప్పి ఉన్న మనిషికి డిప్రెషన్ రాదా అంటే, వస్తుంది. నిద్ర లేక, పని చేసుకోలేక, పెళ్లిళ్లకు పోలేక మనిషి ముడుచుకుపోతుంది. అప్పుడు దానికీ మందు కావాలి, దాన్ని కూడా సిగ్గు లేకుండా చెప్పుకోవాలి. టెలిమానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా పెద్దమ్మకు అది లేదు అని చెప్తున్నానంటే, ఉన్నవాళ్లను తక్కువ చేసి కాదు.

సరే, ఫోటో మీకు వచ్చింది. ఏం చేయాలి? డోసు చూడండి, రాసిన చీటీ చూడండి, దేనికని పోయారో అడగండి. గుండె జబ్బు, గ్లకోమా, ప్రోస్టేట్ వల్ల మూత్రం కష్టంగా రావడం ఉన్నాయా అడగండి. ఉంటే అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు తెలియాలి. డ్యులాక్సెటిన్ అయితే కిడ్నీ, లివర్ సంగతి తెలియాలి. మలబద్ధకం, మత్తు, లేవగానే కళ్లు తిరగడం రావచ్చు, పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కు పోయేటప్పుడు లైట్ వేసుకోవాలి. పట్టీ పిల్లలకు అందే చోట పెట్టొద్దు. అమిట్రిప్టిలిన్ ఎక్కువ మింగితే గుండె ఆగే ప్రమాదం ఉంది. పాతికేళ్ల లోపు వాళ్లు ఎవరైనా వాడుతుంటే, మొదట్లో మనసులో చెడ్డ ఆలోచనలు వస్తున్నాయా అని గమనించుకోవాలి.

మా దిక్కు వాళ్లు ఇంకోటి కూడా చూడాలి. నొప్పికని చాలాచోట్ల ట్రమడాల్ ఇచ్చేస్తారు. ఈ గోలీలతో కలిస్తే సెరటోనిన్ మరీ ఎక్కువై జ్వరం, వణుకు, గందరగోళం, ఫిట్స్ దాకా పోవచ్చు. కాబట్టి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా ఈ పట్టీ చేతిలో పట్టుకుని పోవాలి. కాళ్లలో బలం తగ్గుతున్నా, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియకపోయినా, మూత్రం మీద కంట్రోల్ పోయినా అది గోలీ పని కాదు. వెన్నుపాము నలుగుతున్నట్టు. ఆ రోజే బండెక్కించి న్యూరోసర్జన్ ఉన్న దవాఖానకు తీసుకుపోవాలి.